ఫార్మా కంపెనీలో బిజినెస్ డెవలప్‌మెంట్ డైరెక్టర్ కావాలంటే

జీడిమెట్ల నుంచి పరవాడ దాకా ఏ ఫార్మా కంపెనీ ఈ ఉద్యోగానికి ప్రకటన ఇచ్చినా అర్హతల దగ్గర ఇంచుమించు అవే మాటలు కనిపిస్తాయి: ఎంబీఏ, పన్నెండు నుంచి పదిహేనేళ్ల అనుభవం, చక్కటి ఇంగ్లిషు, తరచూ విదేశీ ప్రయాణాలకు సిద్ధంగా ఉండడం. అది చదివి, మాటకారితనం ఉంటే చాలు ఈ కుర్చీ దక్కుతుందని చాలామంది అనుకుంటారు. మాటకారులు మేనేజరు స్థాయి దాకా వస్తారు. ఆ పైమెట్టు దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే కంపెనీ బయటివాళ్లకు ఇచ్చే ప్రతి మాటకూ లోపల పూచీ పడాల్సిన ఉద్యోగం ఇది.

అమ్మకాల విభాగం తయారై ఉన్న సరుకును అమ్ముతుంది. బిజినెస్ డెవలప్‌మెంట్, అంటే అందరూ పిలిచే బీడీ, ఇంకా తయారుకాని సరుకుకో, తయారైనా మనకు దారి తెలియని దేశానికో ఒప్పందం కుదురుస్తుంది. ఈ రోజు సంతకం పెడితే మొదటి వాణిజ్య ఇన్వాయిస్ మూడు నాలుగేళ్ల తర్వాత రావచ్చు. అప్పటిదాకా ఆ మాట నిలబడేలా చూడడమే డైరెక్టరు పని. అక్కడికి చేరే దారి ఇది.

ముందు ఏ బీడీయో తేల్చుకోండి

పేరు ఒకటే అయినా పనులు నాలుగు రకాలు. మొదటిది ముడి ఔషధాలు, అంటే ఏపీఐ. కిలో లెక్కన బేరం, కొనేది మరో మందుల కంపెనీ. రెండోది ఫార్ములేషన్ల లైసెన్సింగ్: మాత్రకు సంబంధించిన డోసియర్‌ను (అనుమతి కోసం దాఖలు చేసే సాంకేతిక పత్రాల కట్టను), సరఫరాను వేరే దేశపు కంపెనీకి ఇచ్చి అక్కడ వాళ్లచేత అమ్మించడం. మూడోది కాంట్రాక్టు పరిశోధన, తయారీ. ఇక్కడ మీరు అమ్మేది మందును కాదు, మీ కెమిస్టుల సమయాన్ని, ప్లాంటు సామర్థ్యాన్ని, రహస్యం కాపాడతారన్న నమ్మకాన్ని. నాలుగోది ఇతరుల మందును మన దేశంలో అమ్ముకునే హక్కు తెచ్చుకోవడం.

నాలుగింటికీ కావలసిన బుర్రలు వేరు. ఏపీఐలో ధర, సామర్థ్యం నోటికి వచ్చి ఉండాలి. లైసెన్సింగ్‌లో పేటెంట్లు, ఒప్పంద షరతులు చదవడం రావాలి. కాంట్రాక్టు తయారీలో అవతలి కంపెనీ శాస్త్రవేత్త అడిగే ప్రశ్న మీకు అర్థం కావాలి. ఒకదానిలో పేరు తెచ్చుకుని మరోదానికి మారడం కుదురుతుంది కానీ, అన్నీ కొంచెం కొంచెం తెలిసినవారిని డైరెక్టరుగా తీసుకోవడానికి కంపెనీలు వెనకాడతాయి. మేనేజరు అయ్యేలోపే ఒకటి ఎంచుకోండి.

మొదటి నాలుగైదేళ్లు లోపలి పనిలో గడపండి

చదువు విషయానికొస్తే బీఫార్మసీ, ఎంఫార్మసీ, ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, కెమికల్ ఇంజినీరింగ్, వీటిలో ఏదో ఒకటి పునాదిగా ఉండాలి. దానిపైన ఎంబీఏ ఉంటే మంచిది. మొహాలీలోని జాతీయ ఫార్మసీ విద్యాసంస్థ నైపర్‌లో ఫార్మా ఎంబీఏ ఇందుకు బాగా పనికొస్తుంది. మందుల చదువు లేకుండా ఎంబీఏ మాత్రమే ఉన్నవాళ్లు పైకి రాలేరని కాదు, మిగతావాళ్లకంటే రెట్టింపు చదవాలి.

ఇక్కడ ఒక స్థానిక సంగతి మరిచిపోకూడదు. మన కంపెనీలను స్థాపించినవాళ్లలో పేరున్నవారు సొంతంగా సైన్సు చదివినవాళ్లు. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి కెమికల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసినవారు. దివీస్ మురళి, నాట్కో నన్నపనేని వెంకయ్య చౌదరి ఇద్దరూ ఫార్మసీ చదివినవారు. ఈ సంప్రదాయం ఉన్న ఊళ్లో డైరెక్టరు ఉద్యోగానికి చివరి ఇంటర్వ్యూ చేసేది యజమానే అయితే, మార్కెట్ పరిమాణం గురించి కాక మందు తయారీ మూడో స్టేజీలో దిగుబడి ఎందుకు పడిపోతుందని అడిగినా ఆశ్చర్యపోకండి.

అందుకే మొదటి ఉద్యోగం ఆర్ అండ్ డీలోనో, అనుమతుల దరఖాస్తులు చూసే రెగ్యులేటరీ విభాగంలోనో, ప్రాజెక్టు మేనేజ్‌మెంట్‌లోనో చేయండి. నన్నడిగితే రెగ్యులేటరీ అన్నిటికంటే మేలు. కంపెనీ ఏం చెప్పుకుంటుందో కాదు, ఏం దాఖలు చేసిందో అక్కడ కనిపిస్తుంది.

కాగితాలు చదవడం నేర్చుకోండి

ఏపీఐ అమ్మాలంటే అమెరికాకు డ్రగ్ మాస్టర్ ఫైల్, అంటే తయారీ వివరాలన్నీ ఉండే డీఎంఎఫ్ కావాలి. యూరప్‌కైతే స్ట్రాస్‌బర్గ్‌లోని మందుల నాణ్యత సంస్థ ఈడీక్యూఎం ఇచ్చే సీఈపీ ధ్రువపత్రం ఉంటే పని తేలికవుతుంది. ‘మాకు డీఎంఎఫ్ ఉంది’ అనడం వేరు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్‌ఎఫ్‌డీఏ పూర్తిగా సమీక్షించిన డీఎంఎఫ్ ఉండడం వేరు. అనుభవమున్న కొనుగోలుదారు మొదటి అయిదు నిమిషాల్లోనే ఈ తేడా పట్టుకుంటాడు. మన ఫైలును చూడడానికి ఎఫ్‌డీఏకు అనుమతిస్తూ ఆ కొనుగోలుదారు పేరిట ఇచ్చే అధికార లేఖ ఎప్పుడు ఇవ్వాలో, ఊరికే పంచిపెడితే ఏమవుతుందో తెలిసి ఉండాలి.

అలాగే తనిఖీ తర్వాత ఎఫ్‌డీఏ ఇచ్చే ఫారం 483 పరిశీలనలను స్వయంగా చదవండి. క్వాలిటీ విభాగం ఇచ్చే సారాంశంతో సరిపెట్టుకోకండి. అవతలివాళ్లు అసలు కాగితమే అడుగుతారు. పరిశీలన చిన్నదైతే చిన్నదని, పెద్దదైతే దిద్దుబాటుకు ఎన్ని నెలలు పడుతుందో చెప్పగలగాలి.

పేటెంట్ల విషయంలో న్యాయవాది అంత లోతు అక్కర్లేదు. అనుమతి పొందిన మందుల జాబితా అయిన ఎఫ్‌డీఏ ఆరెంజ్ బుక్‌లో ఒక మందు కింద ఉన్న పేటెంట్లను చూసి, అవి ఎప్పుడు ముగుస్తాయో, వాటిలో ఏది అణువుది, ఏది స్ఫటిక రూపానిది, ఏది వాడే పద్ధతిదో వేరుచేయగలిగితే చాలు. పేటెంటు చెల్లదని లేదా తమ మందు దాన్ని ఉల్లంఘించదని సవాలు చేస్తూ ముందుగా దరఖాస్తు చేసిన జెనరిక్ కంపెనీకి అమెరికాలో 180 రోజుల ప్రత్యేక హక్కు దక్కే వీలుంది. 2001లో డాక్టర్ రెడ్డీస్ ఫ్లూయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌తో ఆ హక్కు పొందింది. మన కంపెనీలు అమెరికా మార్కెట్‌ను చూసే తీరు ఆ తర్వాత మారిపోయింది.

లెక్క చేతికి రావాలి

డైరెక్టరు స్థాయికి చేరేవాళ్లకూ చేరనివాళ్లకూ అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి.

అమెరికా భాగస్వామి మీ మాత్రల సీసా ఒక్కొక్కటి 100 డాలర్ల ఇన్వాయిస్ ధరకు అమ్ముతాడనుకుందాం. లాభంలో సగం మీకే అంటున్నాడు. మీ యజమాని సంతోషించాడు. మీరు కాగితం తీయండి. అమెరికా జెనరిక్ వ్యాపారంలో ఇన్వాయిస్ ధరకూ చేతికొచ్చే సొమ్ముకూ చాలా దూరం. హోల్‌సేలరు తక్కువ ధరకు అమ్మినప్పుడు ఆ తేడాకు తిరిగిచ్చే చార్జ్‌బ్యాక్‌లు, రిబేట్లు, వాపసు వచ్చిన సరుకు కలిపి 70 పోయాయనుకోండి. మిగిలింది 30. అందులో మీ సరఫరా ధర 12 తీసేస్తే 18. ‘అమ్మకాల, పంపిణీ ఖర్చులు’ అన్న పద్దు కింద ఆయన 8 తీసుకున్నాడు. మిగిలిన 10లో సగం, అంటే 5 డాలర్లు మీకు దక్కాయి.

ఇంకొక భాగస్వామి లాభంలో 40 శాతమే ఇస్తానన్నాడు. కానీ తన ఖర్చుల పద్దు నికర అమ్మకాల్లో 3 శాతం మించదని రాసిచ్చాడు. 30లో 12 పోగా 18, అందులో 90 సెంట్లు పోగా 17.10, దానిలో 40 శాతం అంటే 6.84. యాభై శాతం ఇస్తానన్నవాడికంటే నలభై శాతంవాడే ఎక్కువ ఇచ్చాడు. కాబట్టి శాతం గురించి బేరమాడేముందు ‘నికర అమ్మకాలు’ అంటే ఏమిటో ఒప్పందంలో ఎలా రాశారో చూడండి. ఏ తగ్గింపులు కుదురుతాయి, వాటికి పరిమితి ఉందా, ఆయన లెక్కల పుస్తకాలను మీ ఆడిటరు ఏటా చూడవచ్చా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే శాతానికి అర్థం లేదు.

లైసెన్సు రుసుమును ఒకేసారి ఇవ్వరు. సంతకానికి కొంత, దరఖాస్తు దాఖలుకు కొంత, అనుమతి వచ్చాక కొంత. వీటిలో మీ చేతిలో ఉన్న మెట్లేవి, ఎదుటివాళ్ల చేతిలో ఉన్నవేవి, ఎవరి చేతిలోనూ లేనివేవి అని వేరుచేసి చూడాలి. డాక్టర్ రెడ్డీస్ మధుమేహం కోసం కనిపెట్టిన రెండు అణువులను, 1997లో బాలాగ్లిటజోన్‌ను, మరుసటి ఏడాది రాగాగ్లిటజార్‌ను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుగా ఇచ్చింది. మన దేశంలో పుట్టిన అణువులను విదేశీ కంపెనీ తీసుకోవడం అప్పట్లో పెద్ద వార్త. రాగాగ్లిటజార్ ఇచ్చిన ఎలుకల మూత్రాశయంలో కణితులు కనబడడంతో 2002లో నోవో పరీక్షలు ఆపేసింది. ఆ తర్వాతి మెట్ల మీద రావాల్సిన సొమ్ము ఎంత పెద్దదైనా అది కాగితం మీదిదే. బోర్డుకు ఆదాయ అంచనా ఇచ్చేటప్పుడు ఒక్కో మెట్టు దాటే అవకాశం ఎంతో పక్కనే రాసి ఇవ్వండి. యజమానులకు అది నచ్చదు. అయినా ఇవ్వండి.

ఒప్పందంలో ఏ షరతు ఎప్పుడు కరుస్తుందో తెలుసుకోండి

న్యాయ విభాగం ఉంది కదా అని ఒప్పందాన్ని వాళ్లకు వదిలేయకండి. భాషను వాళ్లు చూస్తారు, వ్యాపారాన్ని మీరు చూడాలి.

నాట్కో లెనలిడోమైడ్ కథ ప్రతి బీడీ మనిషీ చదవాల్సిన పాఠం. రక్త క్యాన్సరుకు వాడే ఈ మందు అమెరికా కంపెనీ సెల్‌జీన్‌ది, బ్రాండు రెవ్లిమిడ్. జెనరిక్ కోసం నాట్కో 2010లో అమెరికాలో దరఖాస్తు వేసింది. అక్కడి మార్కెటింగ్ భాగస్వామి ఆరో ఇంటర్నేషనల్, అది వాట్సన్ గుంపులోది. దానిపై సెల్‌జీన్ వేసిన పేటెంటు వ్యాజ్యం 2015 డిసెంబరులో రాజీతో ముగిసింది. పరిమిత పరిమాణంలో అమ్మకాలు 2022 మార్చి నుంచి మొదలుపెట్టుకోవచ్చన్నది అందులోని ప్రధాన షరతు. ఈలోగా భాగస్వామి ఏమయింది? వాట్సన్ పేరు యాక్టావిస్‌గా మారింది, యాక్టావిస్ అలర్గాన్ అయింది, 2016లో అలర్గాన్ జెనరిక్ వ్యాపారం ఇజ్రాయెల్ కంపెనీ తేవా చేతికి వెళ్లింది. ఎదుటిపక్షం సెల్‌జీన్‌ను కూడా 2019లో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ కొనేసింది. 2022లో మందు మార్కెట్‌కు వచ్చినప్పుడు అమ్మింది తేవా. పన్నెండేళ్లలో బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లంతా మారినా ఒప్పందం నిలబడింది.

దీని నుంచి మీ పనికి తీసుకోవాల్సింది యాజమాన్యం మారినప్పటి షరతు. భాగస్వామి కంపెనీ అమ్ముడుపోతే ఒప్పందం కొత్త యజమానికి తనంతట తానే బదిలీ అవుతుందా, మీ అనుమతి కావాలా? కొత్త యజమాని దగ్గర అదే మందుకు సొంత దరఖాస్తు ఉంటే మీది అటకెక్కించకుండా ఏ హక్కు మీకుంటుంది? సంతకం రోజున ఇవి అనవసరపు ప్రశ్నల్లా కనిపిస్తాయి.

రెండోది దేశాల జాబితా. హెపటైటిస్ సీ మందు సొఫోస్‌బువిర్‌కు అమెరికా కంపెనీ గిలియాడ్ 2014లో హెటిరోతో సహా ఏడు భారతీయ కంపెనీలకు ఇచ్చిన లైసెన్సు 91 దేశాలకే వర్తించింది. ఏ దేశం లోపల, ఏది బయట అన్నదే అక్కడ వ్యాపారమంతా. ‘ప్రపంచమంతా’ అని రాసేసిన ఒప్పందాల్లో భాగస్వామికి పది దేశాల్లో కూడా మనుషులు లేని సందర్భాలుంటాయి. ఫలానా తేదీలోపు దరఖాస్తు వేయని దేశం హక్కు మనకు వెనక్కి రావాలని రాయించండి.

మూడోది సరఫరా తప్పినప్పటి జరిమానా. సరుకు సమయానికి అందకపోతే అమెరికా హోల్‌సేలరు వేరేచోట ఎక్కువ ధరకు కొని ఆ తేడా రాబడతాడు. భాగస్వామి దాన్ని మీ మీదకు తోస్తాడు. ఏడాదికి ఇంతకు మించదన్న గరిష్ఠ పరిమితి లేకుండా ఈ షరతుకు ఒప్పుకోవద్దు. ఒక చెడ్డ ఏడాదిలో మూడేళ్ల లాభం పోతుంది.

ఎగ్జిబిషన్‌లో అరగంట

ఏటా అక్టోబరు ప్రాంతంలో యూరప్‌లో సీపీహెచ్‌ఐ అనే ఫార్మా ప్రదర్శన జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్, మిలాన్, బార్సిలోనా, ఇలా ఊరు మారుతుంటుంది. దాని భారతీయ ప్రదర్శన గ్రేటర్ నోయిడాలో. హైదరాబాద్‌లో బయోఆసియా సదస్సు ఉంది. ఎగుమతిదారులను విదేశీ ప్రదర్శనలకు తీసుకువెళ్లే మందుల ఎగుమతి మండలి ఫార్మెక్సిల్ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడే.

స్టాల్‌లో ఒక్కో సమావేశం అరగంట. అందులో పది నిమిషాలు కాఫీకి, పరిచయాలకు పోతాయి. మిగిలిన ఇరవై నిమిషాల్లో వచ్చినవాడు అడిగేవి ముందే తెలుసు: డీఎంఎఫ్ పరిస్థితి ఏమిటి, ఏడాదికి ఎన్ని కిలోలు చేయగలరు, కీలక ముడిపదార్థం చైనా నుంచి వస్తుందా లేక మీరే చేస్తారా, చివరి ఎఫ్‌డీఏ తనిఖీ ఎప్పుడు జరిగింది, కిలో ఎంత. రెండు వందల ఉత్పత్తుల కేటలాగు చేతిలో పెట్టేవాళ్లను ఆయన మరునాటికి మరిచిపోతాడు. ఆయన కంపెనీ ఏ మందులకు దరఖాస్తు వేస్తోందో ముందే ఊహించి, మూడంటే మూడు ఉత్పత్తులు ఒకే పేజీలో ఇవ్వండి. ధర అడిగితే ఏడాదికి ఎంత పరిమాణమో ఆయనచేత ముందు చెప్పించండి. పరిమాణం లేని ధర చెబితే అదే మీ గరిష్ఠ ధరగా మిగిలిపోతుంది. విజిటింగ్ కార్డు వెనక ఏం మాట్లాడారో ఆ రాత్రే రాసుకోండి. వారంలోపు ఈమెయిల్, దానితోపాటు రహస్యత ఒప్పందం ముసాయిదా వెళ్లాలి.

అమెరికాలో, ముఖ్యంగా న్యూజెర్సీ జెనరిక్ కంపెనీల్లో, తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. మొదటి ఫోను ఎత్తడానికి ఆ చుట్టరికం పనికొస్తుంది. ‘మనవాడే కదా’ అన్న మాట ధర దగ్గర వచ్చినప్పుడు మాత్రం నవ్వి ఊరుకోండి.

ఏజెంట్లను, కానుకలను గురించి ఒక్క మాట. అమెరికా 1977 నాటి విదేశీ లంచాల చట్టం, బ్రిటన్ 2010 లంచాల చట్టం ఉన్నాయి కాబట్టి అక్కడి భాగస్వాములు మీ ఏజెంట్ల వివరాలు ప్రశ్నావళిలో అడుగుతారు. రాతపూర్వక ఒప్పందం లేని ఏజెంటును పెట్టుకోవద్దు.

ప్లాంటు హెడ్ దగ్గర కూర్చోండి

బీడీకి సగం బేరం సొంత కంపెనీలోనే ఉంటుంది. కొనుగోలుదారు డిసెంబరుకు రెండు టన్నులు అడిగాడు. మీరు ప్లాంటు హెడ్ దగ్గరికి వెళ్లి, ‘సార్, ఇవ్వగలమా?’ అని అడుగుతారు. ‘ఇద్దాం లెండి’ అంటారాయన. ఆ జవాబుతో లేచి రాకండి. ఏ బ్లాకులో, ఏ రియాక్టర్లో, ఏ నెల క్యాంపెయిన్‌లో (ఒకే ఉత్పత్తిని వరుసగా చేసే విడతలో) అని అడగండి. అప్పుడాయన ప్రొడక్షన్ ప్లానింగ్ ఇన్‌చార్జిని పిలుస్తారు. హైడ్రోజినేటరు ఒక్కటే ఉందని, అది వేరే ఉత్పత్తికి నవంబరు దాకా కేటాయించారని అప్పుడు తేలుతుంది. ద్రావకాల రికవరీకి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతిలో ఉన్న పరిమాణానికి కూడా హద్దులుంటాయి. ఈ గంటన్నర సంభాషణ తర్వాత మీరు కొనుగోలుదారుకు ‘డిసెంబరుకు 600 కిలోలు, మిగతాది మార్చికి’ అని రాస్తారు. ఆయన కాస్త నొచ్చుకుంటాడు. అయినా వచ్చే ఏడాది మళ్లీ మీకే ఫోను చేస్తాడు.

వదులుకోవాల్సిన ఒప్పందాన్ని వదులుకుందామని బోర్డు ముందు చెప్పగలగడం కూడా ఇందులో భాగమే. మేనేజరు ఎన్ని ఒప్పందాలు తెచ్చాడని చూస్తారు. డైరెక్టరు వేటిని ఆపాడన్నదీ చూస్తారు.

బయోడేటా, ఇంటర్వ్యూ

‘మూడు ఖండాల్లో అనుభవం’ లాంటి వాక్యాలు తీసేయండి. మీరు నడిపిన ఒప్పందాల్లో నాలుగైదు ఎంచుకుని ఒక్కోదానికి మూడు వరుసలు రాయండి: ఏ రకం ఒప్పందం, అందులో మీ పాత్ర ఏమిటి, ఇప్పుడు అది ఏ దశలో ఉంది. పాత యజమాని రహస్యాలు బయటపడకుండా భాగస్వామి పేరు బదులు ‘మధ్యస్థాయి అమెరికా జెనరిక్ కంపెనీ’ అంటే చాలు. సంతకమై మార్కెట్‌కు చేరనిది ఒకటైనా చేర్చి, ఎందుకు చేరలేదో చెప్పడానికి సిద్ధంగా ఉండండి. ‘మీరు కుదిర్చినవాటిలో ఎన్నింటికి ఇన్వాయిస్ పడింది?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది.

చేరేముందు

‘డైరెక్టరు’ అన్న హోదా ఇచ్చినంత మాత్రాన 2013 కంపెనీల చట్టం ప్రకారం మీరు బోర్డు సభ్యులు కారు. మిమ్మల్ని బోర్డులోకే తీసుకుంటామంటే డైరెక్టరు గుర్తింపు సంఖ్య, దానితో చట్టపరమైన బాధ్యతలు వస్తాయి. అలాంటప్పుడు న్యాయవాదికి చూపించి ఒప్పుకోండి. ఉద్యోగం వదిలాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా చెల్లదు. రహస్యాలు కాపాడాలన్న షరతు మాత్రం చెల్లుతుంది.

ప్రోత్సాహకాన్ని సంతకాల సంఖ్యకే ముడిపెడితే ఒప్పుకోకండి. కొంత సంతకానికి, కొంత మొదటి వాణిజ్య సరఫరాకు అని విడదీయమనండి. మీరు మధ్యలో వెళ్లిపోతే రెండో భాగం ఏమవుతుందో కూడా రాయించండి. చివరగా సంతకం చేసే అధికారం: ఎంత మొత్తం దాకా టర్మ్ షీట్‌పై (ఒప్పందపు ప్రధాన షరతుల కాగితంపై) మీరే సంతకం పెట్టవచ్చు, ఏది బోర్డు తీర్మానానికి వెళ్లాలి, రహస్యత ఒప్పందం మీ సంతకంతో సరిపోతుందా అన్నవి ఆఫర్ లేఖకు అనుబంధంగా అడగండి. ‘చేరాక చూసుకుందాం’ అంటే, ఆ కాగితం వచ్చేదాకా పాత కంపెనీలో రాజీనామా పెట్టకండి.